కుండీ మార్పిడి

కుండీ మార్పిడి అనగా ఒక కుండీలో పెరుగుతున్న మొక్కను వేళ్ళతో సహా వెలికితీసి, కొత్త మట్టితో మరొక కుండీలో, సాధారణంగా కొంచెం పెద్దదానిలో, నాటడం. నేలలో పెరిగే మొక్క నీటికోసం, పోషకాలకోసం తన వేళ్ళను దూరదూరాలకు విస్తరించగలదు. కుండీలోని మొక్కకు ఆ అవకాశం లేదు. కాలక్రమంలో వేళ్ళు కుండీ అంతటా నిండిపోతాయి. మట్టిలోని సేంద్రియ పదార్థం శిథిలమై, మట్టి అణగిపోయి, గాలి ఆడే ఖాళీలు తగ్గిపోతాయి. అందువలన త్వరగా పెరిగే మొక్కలకు సుమారు ఏడాదికొకసారి, నిదానంగా పెరిగేవాటికి రెండు మూడేళ్ళకొకసారి కుండీ మార్చవలసి ఉంటుంది.

గుర్తించే లక్షణాలు
* కుండీ అడుగు రంధ్రాల నుండి వేళ్ళు బయటకు రావడం.
* పోసిన నీరు మట్టిలో నిలవకుండా వెంటనే కిందికి జారిపోవడం.
* నీరు పోసిన మరునాటికే ఆకులు వాడిపోవడం.
* పెరిగే కాలంలో కూడా కొత్త చిగుళ్ళు రాకపోవడం, వచ్చిన ఆకులు చిన్నవిగా ఉండడం.

మొక్కను బయటకు తీసినపుడు వేళ్ళు మట్టిముద్ద చుట్టూ వలయాలుగా చుట్టుకొని కనిపిస్తే మార్పిడి తప్పనిసరి. అయితే నీరు ఎక్కువై వేళ్ళు కుళ్ళినప్పుడు కూడా ఆకులు వాడిపోతాయి కనుక, వేళ్ళను చూడకుండా నిర్ణయానికి రాకూడదు. ఆరోగ్యకరమైన వేళ్ళు గట్టిగా ఉంటాయి. కుళ్ళినవి మెత్తబడి, నల్లబడి, దుర్వాసన వేస్తాయి.

కుండీ పరిమాణం
కొత్త కుండీ వ్యాసం పాతదానికంటే ఒకటి నుండి రెండు అంగుళాలు ఎక్కువ ఉంటే చాలును. మరీ పెద్ద కుండీలో నాటితే మొక్క త్వరగా పెరుగుతుందనుకోవడం పొరపాటు. ఒకే ఆకృతి గల కుండీలలో 6 అంగుళాలదానికంటే 8 అంగుళాలదానిలో సుమారు 2.4 రెట్లు, 12 అంగుళాలదానిలో 8 రెట్లు మట్టి పడుతుంది. చిన్న వేళ్ళ సముదాయం అంత మట్టిలోని తేమను పీల్చుకోలేదు. తడి రోజుల తరబడి నిలిచి, గాలి అందక వేళ్ళు కుళ్ళుతాయి. ఇంటి మొక్కలు ఎండకంటే ఎక్కువగా ఈ కారణం చేతనే చనిపోతుంటాయి.

కుండీకి అడుగున రంధ్రం తప్పక ఉండాలి. రంధ్రంపై ఒక పెంకు ముక్కను ఉంచితే మట్టి కొట్టుకుపోదు. అయితే అడుగున మందంగా గులకరాళ్ళు పరచడం వలన నీటి పారుదల మెరుగుపడదు. మట్టి దాదాపు పూర్తిగా తడిసేవరకు నీరు రాళ్ళలోకి దిగదు. తడి పొర పైకి జరిగి వేళ్ళకు మరింత దగ్గరవుతుంది.

మట్టి మిశ్రమం
ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, కొబ్బరి పొట్టు, కొంత ముతక ఇసుక కలిపి వాడవచ్చును. కొబ్బరి పొట్టులో లవణాలు ఉండవచ్చు కనుక ముందుగా నానబెట్టి కడగాలి. నల్లరేగడి తడిసినపుడు ఉబ్బి, ఎండినపుడు బీటలు వారుతుంది కాబట్టి కుండీలకు అనువైనది కాదు. మాగని పచ్చి పేడ వేళ్ళకు హాని చేస్తుంది.

అనువైన కాలం
ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో తొలకరి తరువాత జూన్ చివరినుండి ఆగస్టు వరకు, లేదా ఎండలు ముదరకముందు ఫిబ్రవరిలో ఈ పని చేయడం మంచిది. ఏప్రిల్, మే నెలలలో వేళ్ళు దెబ్బతిన్న మొక్క వేడిని తట్టుకోలేదు.

పద్ధతి
# ముందురోజు మొక్కకు నీరు పోయాలి. కొత్త మట్టికుండీని నీటిలో నానబెట్టాలి. లేనిచో అది మట్టిలోని తేమను పీల్చుకుంటుంది.
# కుండీని పక్కకు వంచి, అంచులు తట్టి, మట్టిముద్దను జాగ్రత్తగా బయటకు జార్చాలి. కాండాన్ని పట్టుకొని లాగరాదు.
# చుట్టుకొన్న వేళ్ళను వేళ్ళతో సడలించి, కుళ్ళినవాటిని శుభ్రమైన కత్తెరతో తొలగించాలి.
# మొక్క మునుపు ఎంత లోతున ఉన్నదో అంతే లోతున నాటి, చుట్టూ మట్టి నింపాలి. పైన ఒక అంగుళం ఖాళీ వదలాలి.
# అడుగు రంధ్రం నుండి కారేవరకు నీరు పోసి, వారం పదిరోజులు నీడలో ఉంచాలి.

కడియం మొదలైన ప్రాంతాల నర్సరీల నుండి నల్ల పాలిథిన్ సంచులలో వచ్చే మొక్కలకు సంచిని కోసి తీయాలి. ఎండి గట్టిపడిన మట్టిముద్దలోకి నీరు సులభంగా ఇంకదు కనుక నాటేముందు దానిని బాగా తడపాలి.

మార్పిడి తరువాత
సన్నని వేళ్ళు తెగడం వలన కొన్నిరోజులు ఆకులు వాలవచ్చును. అది చూసి పదేపదే నీరు పోయరాదు. పైమట్టి ఆరిన తరువాతే పోయాలి. నాలుగు నుండి ఆరు వారాల వరకు రసాయనిక ఎరువులు వేయకూడదు.

పెద్ద కుండీకి చోటు లేనిచో, వేళ్ళలో సుమారు నాలుగో వంతు కత్తిరించి, కొత్త మట్టితో అదే కుండీలో తిరిగి నాటవచ్చును. వేళ్ళు కదిలిస్తే ఓర్వలేని తాటిజాతి మొక్కలకు పైన రెండు అంగుళాల మట్టిని మాత్రమే మార్చడం మేలు. పూర్వం సాన్సివేరియాగా పిలువబడి, నేడు డ్రసీనా ప్రజాతిలో చేర్చబడిన స్నేక్ ప్లాంట్ ఇరుకు కుండీలో కూడా బాగా పెరుగుతుంది.

జాగ్రత్తలు
మనీ ప్లాంట్, డైఫన్‌బేకియా మొక్కలలోని కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు చర్మానికి దురద, నోటికి మంట కలిగిస్తాయి. ఎడారి గులాబి (అడీనియం) పాలు విషపూరితమైనవి. వీటిని మార్చేటపుడు చేతితొడుగులు ధరించి, తెగిన ముక్కలను పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా పారవేయాలి.

ఇవి కూడా చూడండి
* వర్మీకంపోస్టు
* బోన్సాయ్
* తులసి