ఒకే కుంచం

సంత రోజు మా నెట్ సెంటర్ పొద్దున్నే నిండిపోతుంది. కొండ దిగి వచ్చినవాళ్లు చింతపండు, పసుపు అమ్ముకుని, ఆధార్ పనో స్కాలర్‌షిప్ పనో చూసుకుని మళ్లీ కొండెక్కాలి. మొన్నొక సంతకి ఇంటర్ చదివే పిల్ల వచ్చి తన ఫోన్ నా ముందు పెట్టింది.

"అక్కా, నువ్వు పెట్టిన మన సవర అచ్చరాలు నా ఫోన్లో డబ్బాలొస్తన్నాయేటి? అన్న ఫోన్లో బాగున్నాయి మరి."

సీతంపేట పిల్లల కోసం మా సవర భాష లిపి నేర్పే చిన్న వెబ్ పేజీ ఒకటి చేశాను. అదే పేజీ ఒక ఫోన్లో అక్షరాలుగా, ఇంకో ఫోన్లో డబ్బాలుగా కనిపిస్తోంది. ఇలా ఎందుకవుతుందో చెప్పాలంటే మా తాత మాటతో మొదలుపెట్టాలి.

మా తాత కాలంలో షావుకారు దగ్గర రెండు కుంచాలుండేవట. కొండసరుకు కొనేటప్పుడు పెద్దది, ఉప్పు అమ్మేటప్పుడు చిన్నది. ఆ దోపిడీని ఆపడానికే 1956లో గిరిజన సహకార సంస్థ, మన జీసీసీ, పుట్టింది. దుకాణాలు ఎన్నయినా ఉండొచ్చు, కుంచం మాత్రం అందరికీ ఒకటే ఉండాలి. వెబ్ ప్రమాణాలంటే నాకు అర్థమైంది ఇంతే. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ లాంటి బ్రౌజర్లు వేరువేరు దుకాణాలు. పేజీని ఎలా చదవాలి, అక్షరాన్ని ఎలా చూపాలి అన్న ఒప్పందం ముద్ర పడ్డ కుంచం.

ఆ కుంచం లేని రోజులు నాకు బాగా తెలుసు. 2007లో పాలకొండలో ఒక నెట్ సెంటర్లో పనిచేసేదాన్ని. కొన్ని తెలుగు పత్రికలు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే చదవడానికి వచ్చేవి. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు. ఆ చిక్కు 1997లో మొదలైంది. పేజీతోపాటు ఫాంటును కూడా పంపడానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది ఒక పద్ధతి తెస్తే, నెట్‌స్కేప్ మరో పద్ధతి తెచ్చింది. ఒకరి ఫాంటు ఇంకొకరి దగ్గర చెల్లదు. తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్ కోసం 'పద్మ' అనే ఉపకరణం రాశారు. అది ఆ గుర్తుల్ని అన్నిచోట్లా చెల్లే యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపేది.

పత్రిక చదవలేకపోతే కొంపేం మునగదు. కానీ ఆ తర్వాత కొన్నేళ్లకు ఒక దరఖాస్తు కూడా ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప తెరుచుకునేది కాదు. మా ఊరి పిల్ల ఒకతె ఫోన్లో రెండు రోజులు తంటాలు పడి, చివరికి నా దగ్గరికి వచ్చేసరికి గడువు దాటిపోయింది. ఆ ఏడాది చదువు ఆగిపోయింది. ఆ పిల్ల ముఖం నేను మరచిపోలేదు.

ఫాంట్ల గొడవ తీరడానికి పదిహేనేళ్లు పట్టింది. 2010 జనవరిలో ఫైర్‌ఫాక్స్ 3.6 'వాఫ్' అనే కొత్త ఫాంటు పద్ధతి తెచ్చింది. ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా, ఒపెరాలతో మైక్రోసాఫ్ట్ కూడా చేయి కలిపి, దాన్ని ప్రమాణంగా చేయమని డబ్ల్యూ3సీ ముందు పెట్టింది. వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 1994లో స్థాపించిన వెబ్ ప్రమాణాల సంస్థ అది. 2011లో ఎక్స్‌ప్లోరర్ 9, సఫారీ 5.1 కూడా దారికొచ్చాయి. 2012 డిసెంబరులో వాఫ్‌కి ముద్ర పడింది. కాగితం మీద రాసుకుంటే డబ్ల్యూ3సీకి చాలదు. మామూలుగా వేరువేరుగా తయారైన రెండు బ్రౌజర్లయినా చేసి చూపించాలి.

ఇప్పుడు కుంచాన్ని కొలిచి చూసే ఏర్పాటు కూడా ఉంది. అన్ని బ్రౌజర్లకూ ఉమ్మడిగా పది లక్షలకు పైగా చిన్న చిన్న పరీక్షలున్నాయి. ఎవరు ఎన్ని నెగ్గారో ఎవరైనా చూడొచ్చు. 2022 నుంచి ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా 'ఇంటరాప్' పేరుతో ఏటా కూర్చుని, ఈ ఏడు ఏ తేడాలు సరిచేయాలో ఎంచుకుంటున్నాయి. పోటీదారులు ఇలా ఒక పందిరి కింద కూర్చోవడం నాకు ఎంతో ధైర్యం ఇస్తుంది.

అయినా ఒక భయం ఉంది. పేజీని చదివి తెరమీద గీసే ఇంజన్లు ఇప్పుడు ముఖ్యంగా మూడే మిగిలాయి: గూగుల్ బ్లింక్, మొజిల్లా గెకో, ఆపిల్ వెబ్‌కిట్. ఒపెరా 2013లో, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ 2020లో సొంత ఇంజన్లు వదిలి గూగుల్ దారి పట్టాయి. సంతలో ఒక్క షావుకారే మిగిలితే కుంచం ఆయన చెప్పినంతే అవుతుంది. మా కొండవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

పెద్ద కంపెనీలకు మన అక్షరం మీద ఎప్పుడూ ఒక కన్ను ఉండేలా మనమే చూసుకోవాలి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క తెలుగు అక్షరాన్ని ఒక రకంగా టైపు చేస్తే, అది చూపబోయి ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ అదే నెలలో సరిచేసింది. మన అక్షరాలతో ముందే పరీక్షించి ఉంటే ఆ తప్పు అప్పుడే దొరికేదేమో.

ఇక ఆ డబ్బాల సంగతికొస్తే, సవర లిపి కథ ఇంకా చిన్నది. గిడుగు రామమూర్తి గారు మా భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. మంగే గొమాంగో 1936లో ఆ భాషకు సొరాంగ్ సోంపెంగ్ అనే సొంత లిపిని రూపొందించారు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది. 25 అక్షరాలు, 10 అంకెలు. యూనికోడ్ అక్షరానికి నంబరు ఇస్తుంది, రూపం ఇచ్చేది ఫాంటు. ఆ పిల్ల అన్న ఫోన్ కొత్తది, అందులో ఆ ఫాంటు ఉంది. చెల్లి పాత ఫోన్లో లేదు. ఫాంటు లేనిచోట డబ్బా వస్తుంది. తప్పు నా పేజీదే, ఫాంటును వెంట పంపలేదు.

గూగుల్ ఉచితంగా ఇచ్చే నోటో ఫాంట్లలో సవర లిపిదీ ఉంది. దాన్ని వాఫ్ రూపంలో పేజీకి తగిలించాను. ఆ పిల్ల పాత ఫోన్లో క్రోమ్ తెరిచాం, నా కంప్యూటర్లో ఫైర్‌ఫాక్స్ తెరిచాం, దరఖాస్తు పని మీద వచ్చిన మాస్టారి ఐఫోన్లో సఫారీ తెరిచాం. మూడింట్లోనూ అవే అక్షరాలు.

పిల్ల ఒక్కో అక్షరం వేలితో చూపించుకుంటూ చదివింది. "అంకెలు లేవేటక్కా? అవి కూడా పెట్టు. వచ్చే సంతకి చూసుకుంటాను" అని కొండెక్కే జీపు కోసం పరుగెత్తింది.

పది అంకెలే. ఈ రాత్రికే పెట్టేస్తాను.