మిల్‌కు వోల్టులు, మీటరుకు వోల్టులు: నెల్లూరు అభ్రకం ఆధారంగా విద్యుత్ క్షేత్ర తీవ్రతా ప్రమాణాల మార్పిడి

కీలకపదాలు: అభ్రకం, విద్యుత్ క్షేత్ర తీవ్రత, రోధక సత్వం, మిల్, స్టాట్‌వోల్టు, ప్రమాణాల మార్పిడి.

1. ఉపోద్ఘాతం

ఉదయగిరి, వరికుంటపాడు మెట్టసీమకు తూర్పు, ఆగ్నేయ దిశలలో ఆత్మకూరు, కావలి, రాపూరు, గూడూరు ప్రాంతాల మీదుగా నెల్లూరు అభ్రకపు పట్టీ సాగుతుంది. నాటి బీహారు గనుల అభ్రకం కెంపు ఛాయకు పేరుపొందగా, నెల్లూరు అభ్రకం ఆకుపచ్చ ఛాయకు పేరుపొందింది. పల్లె వాడుకలో కాకిబంగారంగా పిలిచే ఈ ఖనిజానికి విదేశీ విపణిలో విలువ తెచ్చినది దాని మెరుపు కాదు. పలుచని పొరలుగా చీలడం, ఆ పొర అధిక విద్యుత్పీడనాన్ని తట్టుకోవడం అనే రెండు గుణాలే దానికి కారణాలు.

ఒక పదార్థం భంగపడకుండా తట్టుకోగల గరిష్ఠ విద్యుత్ క్షేత్ర తీవ్రతను రోధక సత్వం అంటారు. నేటి పాఠ్యగ్రంథాలలో దీని ప్రమాణం మీటరుకు వోల్టులు, లేదా మిల్లీమీటరుకు కిలోవోల్టులు. అభ్రక వ్యాపారం వర్ధిల్లిన కాలపు ఆంగ్ల సాంకేతిక పట్టికలలో కనిపించేది ‘మిల్‌కు వోల్టులు’. మిల్ అంటే అంగుళంలో వెయ్యవ వంతు.

2. లెక్క

అంగుళం 25.4 మిల్లీమీటర్లు కనుక మిల్ 0.0254 మి.మీ. అవుతుంది. కాబట్టి మిల్‌కు 1 వోల్టు అంటే మీటరుకు సుమారు 39,370 వోల్టులు. అభ్రకానికి తరచు చెప్పే మిల్‌కు 3000 వోల్టులను ఈ విధంగా మార్చితే మిల్లీమీటరుకు 118 కిలోవోల్టులు వస్తుంది.

భౌతికశాస్త్ర గ్రంథాలలో మరొక పాత ప్రమాణం ఉండేది. సెంటీమీటరు-గ్రాము-సెకను పద్ధతిలోని స్థిరవిద్యుత్ ప్రమాణం సెంటీమీటరుకు స్టాట్‌వోల్టు. ఒక స్టాట్‌వోల్టు 299.79 వోల్టులకు సమానం. ఈ సంఖ్య కాంతి వేగం నుండి వచ్చింది. కనుక సెంటీమీటరుకు 1 స్టాట్‌వోల్టు అంటే మీటరుకు 29,979 వోల్టులు. చేతి లెక్కలో 300 అని తీసుకున్నా దోషం వెయ్యింటికి ఒక వంతు కూడా ఉండదు. సాధారణ పీడనం వద్ద గాలి సత్వం సెంటీమీటరుకు సుమారు 30 కిలోవోల్టులు. అది పాత ప్రమాణంలో దాదాపు సరిగ్గా 100 స్టాట్‌వోల్టులు కావడం గుర్తుంచుకోవడానికి అనువైన పోలిక. విద్యుత్ స్థానభ్రంశాన్ని మార్చేటప్పుడు వచ్చే 4π గుణకం క్షేత్ర తీవ్రత మార్పిడిలో రాదు. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

3. లెక్కకు అందని అంశం

గుణకారం ఇంతటితో ముగుస్తుంది. చిక్కు దాని తరువాత మొదలవుతుంది. 118 అనే సంఖ్యను చూసిన పాఠకుడు దానిని మూడంకెల వరకు కొలిచిన విలువగా భావిస్తాడు. మూలంలోని 3000 అనేది గుండుసంఖ్య మాత్రమే. ఖనిజపు నాణ్యతను బట్టి అది గణనీయంగా మారుతుంది. మార్పిడి వల్ల కొత్త కచ్చితత్వం పుట్టదు. అందువల్ల ‘సుమారు 120’ అని రాయడమే న్యాయం.

ఇంతకన్నా ముఖ్యమైనది మందం. రోధక సత్వం మందంతో నిమిత్తం లేని స్థిరాంకం కాదు. పొర పలుచనైన కొద్దీ అది పెరుగుతుంది, మందమైన కొద్దీ తగ్గుతుంది. మందపు పలకలో పొరల నడుమ చిక్కిన గాలి, అంచుల వద్ద జరిగే ఉత్సర్గం, లోపల నిలిచిపోయే వేడి భంగాన్ని తొందరపెడతాయి. కెపాసిటర్ల కోసం అభ్రకాన్ని ఒకటి, రెండు మిల్లుల మందంగా చీల్చేవారు. కొలత, చీలిక, అమ్మకం అన్నీ ఆ మానంలోనే సాగేవి. కనుక ‘మిల్‌కు 3000’ అన్న మాటను ఆ వృత్తిలోనివారు పలుచని పొరకు చెందినదిగానే గ్రహించేవారు. ‘మిల్లీమీటరుకు 118 కిలోవోల్టులు’ అనగానే ఆ సందర్భం చెరిగిపోతుంది. ఒక మిల్లీమీటరు, అంటే సుమారు 39 మిల్లుల పలక 1,18,000 వోల్టులను తట్టుకుంటుందని పాఠకుడు నమ్మే ప్రమాదం ఉంది. అది నిజం కాదు. సంఖ్య పక్కన పరీక్షించిన మందాన్ని కూడా పేర్కొనడం అందుకే అవసరం.

పరీక్షకు వాడిన విద్యుత్తు ఏకాంతరమైతే మరొక సందేహం వస్తుంది. 3000 వోల్టులు వర్గమధ్యమ మూలమైతే శిఖర విలువ 4243 వోల్టులు. రెండింటి నడుమ తేడా నూటికి నలభై పైచిలుకు. పాత పట్టిక ఏ విలువను ఇచ్చిందో తెలియకుండా చేసిన మార్పిడిలో దశాంశ స్థానాలకు అర్థం లేదు.

4. తెలుగులో రాసేటప్పుడు

మిల్, మిల్లీమీటరు అనే రెండు మాటలూ ధ్వనిలో దగ్గరివి. ‘మి.’ అనే పొట్టి రూపం రెండింటికీ సరిపోతుంది. పాత పట్టికను తెలుగులోకి తెచ్చేవారు ‘అంగుళపు వెయ్యవ వంతు’ అని విడమరిచి రాయడం మేలు. మిల్‌కు 3000 వోల్టులను పొరపాటున మిల్లీమీటరుకు 3000 వోల్టులుగా చదివితే విలువ 39 రెట్లు పడిపోయి మిల్లీమీటరుకు 3 కిలోవోల్టులే మిగులుతుంది. అది అభ్రకపు సత్వం కాదు, ఉత్త గాలి సత్వం.