కంప్యూటర్ బయట నేర్చుకోవచ్చు.. కెమిస్ట్రీ ల్యాబ్ బయట దొరకదు!

దోస్త్ వెబ్ ఆప్షన్లకు అదే ఆఖరి రోజు. సాయంత్రం మా చిన్నమ్మ కూతురు ఫోన్ చేసింది. ‘అన్నా, నువ్వు కంప్యూటర్ వాడివి కదా, ఆప్షన్లు నువ్వే పెట్టెయ్యవా’ అంది. ఇంటర్ బైపీసీ పాసైంది. నీట్‌లో సీటొచ్చే మార్కులు రాలేదు. వాళ్ల నాన్న పాశమైలారంలో కాంట్రాక్ట్ కార్మికుడు. లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు ఫీజు కట్టే పరిస్థితి లేదు. ‘ఏ బీఎస్సీ అయినా సరే, హెల్త్ లైన్‌లో ఉద్యోగం రావాలె’ అన్నది ఆమె కోరిక.

మొదటి ఆప్షన్‌గా ఆమె రాసుకున్నది బోటనీ, జువాలజీ, కంప్యూటర్ అప్లికేషన్స్. ‘కంప్యూటర్ ఉంటే జాబ్ పక్కా వస్తదంట’ అని ఎవరో చెప్పారట.

నేను ఇంజినీరింగ్ చదివాను, టెక్నాలజీ మీద బ్లాగ్ రాస్తాను. వెబ్‌సైట్‌లో ఆప్షన్లు నింపడం నాకు రెండు నిమిషాల పని. కానీ ఆ మూడు సబ్జెక్టులు ఆమెను ఎక్కడికి తీసుకెళ్తాయో నాకు తెలియదు. మా పక్కింటి అన్న బొల్లారంలో ఓ మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో చేస్తాడు. ఆయన్ని అడిగితే ఒక్కటే ప్రశ్న వేశాడు: ‘కెమిస్ట్రీ ఉందా, లేదా?’

ఆ ప్రశ్న విలువేంటో ఆ రాత్రి నాకు అర్థమైంది. మీరూ ఆప్షన్లు పెట్టే ముందే అర్థం చేసుకుంటే ఏడాది వృథా కాదు.

రోగి దగ్గరా? మందు దగ్గరా?

‘హెల్త్ లైన్’ అని మనం ఒకే మాటగా అనేస్తాం. నిజానికి అందులో రెండు దారులున్నాయి.

మొదటిది రోగి దగ్గర చేసే పని. డాక్టర్, నర్సు, ఫిజియోథెరపిస్ట్, ల్యాబ్ టెక్నీషియన్ ఇందులోకి వస్తారు. ఈ పనులకు గుర్తింపున్న ప్రొఫెషనల్ కోర్సు, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ కావాలి. మామూలు బీఎస్సీలో చేరి ‘తర్వాత అటు మారదాం’ అంటే కుదరదు, మళ్లీ మొదటి ఏడాది నుంచే మొదలుపెట్టాలి. నర్సు కావాలనుకుంటే బీఎస్సీ నర్సింగ్‌కే వెళ్లండి. చాలామంది పొరబడేది ఇంకోటుంది. బీఎస్సీ మైక్రోబయాలజీ వేరు, మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ వేరు. ఆసుపత్రి ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేసే ఉద్యోగం కావాలంటే డీఎంఎల్‌టీ లేదా బీఎస్సీ ఎంఎల్‌టీ వైపు చూడాలి. సర్కారు పోస్టులకు పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ కూడా అడుగుతారు.

రెండోది మందు దగ్గర చేసే పని. మన సంగారెడ్డి, పటాన్‌చెరు పట్టీకి బాగా తెలిసినది ఇదే. బొల్లారం, పాశమైలారం, బొంతపల్లి, గడ్డపోతారం.. ఎటు వెళ్లినా మందుల ఫ్యాక్టరీలు కనిపిస్తాయి. సుల్తాన్‌పూర్ మెడికల్ డివైజెస్ పార్కులో గుండెకు వేసే స్టెంట్లు కూడా తయారవుతున్నాయి. ఇక్కడ మామూలు బీఎస్సీకి విలువ ఉంది. అయితే అందులో ఏ సబ్జెక్టులు ఉన్నాయన్నదే అసలు విషయం.

రూల్‌లో ఉన్న ఒక్క మాట

ఫ్యాక్టరీలో మందుల తయారీని పర్యవేక్షించేవాళ్లకు ఏ చదువు ఉండాలో డ్రగ్స్ రూల్స్, 1945లో రాసి ఉంది. ఫార్మసీ గ్రాడ్యుయేట్‌కు తయారీలో 18 నెలల అనుభవం చాలు. కెమిస్ట్రీని ప్రధాన సబ్జెక్టుగా చదివిన సైన్స్ గ్రాడ్యుయేట్‌కు 3 ఏళ్ల అనుభవం కావాలి. కెమికల్ ఇంజినీరింగ్ వాళ్లకూ 3 ఏళ్లే. టీకాలు, సీరమ్‌ల లాంటి ఉత్పత్తులకైతే మైక్రోబయాలజీ చదివినవాళ్లనూ ఒప్పుకుంటారు.

అంటే బీఎస్సీ చదివిన మనిషి కూడా ఫ్యాక్టరీలో బాధ్యత గల స్థాయికి ఎదగొచ్చు. కానీ ఆ తలుపు తెరిచేది ‘కెమిస్ట్రీ’ అన్న మాటే. క్వాలిటీ కంట్రోల్‌లో రోజూ చేసే పనీ అదే కదా! టైట్రేషన్లు చేయడం, ద్రావణాలు కలపడం, హెచ్‌పీఎల్‌సీ మెషిన్ మీద మందు స్వచ్ఛత తేల్చడం. రేపు ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేద్దామనుకున్నా సీపీగెట్‌లో డిగ్రీలో కెమిస్ట్రీ ఉందా అనే చూస్తారు.

అందుకే జీవశాస్త్రం ఇష్టమై బీఎస్సీలో చేరేవాళ్లకు నా సలహా ఇది. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ (బీజడ్‌సీ) గానీ, మైక్రోబయాలజీ, జువాలజీ, కెమిస్ట్రీ (ఎంజడ్‌సీ) గానీ ముందు చూడండి. ‘పాత గ్రూపులు’ అని తీసిపారేయకండి.

మరి కంప్యూటర్ వద్దా?

కావాలి. నేనే కంప్యూటర్ మీద బతుకుతున్నాను, వద్దని ఎలా అంటాను? మందుల ల్యాబ్‌లో ఇప్పుడు ప్రతి క్లిక్కూ రికార్డవుతుంది. ఎవరు లాగిన్ అయ్యారు, ఏ అంకె మార్చారు, ఎందుకు మార్చారు అన్నదంతా ‘ఆడిట్ ట్రయిల్’లో ఉంటుంది. ఎలక్ట్రానిక్ రికార్డులు ఎలా ఉండాలో అమెరికా ఎఫ్‌డీఏ 1997లోనే నియమాలు పెట్టింది. అక్కడికి మందులు పంపే మన కంపెనీలు వాటిని పాటించాల్సిందే. కాబట్టి ఎక్సెల్, డేటా మీద పట్టున్న కెమిస్ట్రీ విద్యార్థికి కచ్చితంగా ఓ మెట్టు ఎక్కువే.

కానీ ఎక్సెల్, పైథాన్ మీరు ఫోన్‌లో, ఉచితంగా, రాత్రి పదింటికి కూడా నేర్చుకోవచ్చు. బ్యూరెట్ పట్టుకోవడం యూట్యూబ్ చూస్తే రాదు. గాజు సామాను, కెమికల్స్, పక్కన నిలబడి తప్పు చెప్పే లెక్చరర్.. ఇవి కాలేజీలోనే దొరుకుతాయి. ఫస్టియర్‌లో సబ్జెక్టు ఎంచుకునేటప్పుడు నా లెక్క ఒకటే: బయట దొరకని దానికి కాలేజీ, బయట దొరికేదానికి మన తీరిక సమయం.

ఇవీ గుర్తుంచుకోండి

* బీఫార్మసీకి టీజీ ఎప్‌సెట్ ద్వారా వెళ్లాలి. బైపీసీ, ఎంపీసీ ఇద్దరూ అర్హులే. నాలుగేళ్లు భరించగలిగితే మందుల రంగానికి ఇదే సూటి దారి.

* నాలుగేళ్లు కష్టమనిపిస్తే రెండేళ్ల డీఫార్మసీ ఉంది. తర్వాత ఈసెట్ రాసి బీఫార్మసీ రెండో ఏడాదిలో చేరొచ్చు.

* ఎంపీసీ చదివి ఇప్పుడు డాక్టర్ కావాలనిపిస్తోందా? బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైనవాళ్లు నీట్ రాయొచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో చెప్పింది.

* నీట్ మళ్లీ రాయాలనుకుంటే ముందు మీ మార్కులను విడగొట్టి చూసుకోండి. 720లో 360 బయాలజీవే. అక్కడ బాగా వచ్చి ఫిజిక్స్‌లో పోయిందంటే ఇంకో ప్రయత్నానికి అర్థం ఉంది. మూడింటిలోనూ తక్కువే అయితే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

* కాలేజీ పేరు ఆప్షన్‌లో పెట్టే ముందు ఒక్కసారి వెళ్లి కెమిస్ట్రీ ల్యాబ్ చూడండి. తాళం వేసి ఉందా, వాడుతున్నారా అన్నది గుమ్మంలోనే తెలిసిపోతుంది. సీనియర్లను ‘వారానికి ప్రాక్టికల్స్ ఎన్ని?’ అని అడగండి.

* ఆప్షన్ల వరుస ముఖ్యం. మొదట పెట్టినది దొరికితే కింది వాటిని చూడరు. స్నేహితురాలు పెట్టిందని పైన పెట్టకండి.

ఆ రాత్రి మా చెల్లి వరుస మార్చింది. బీజడ్‌సీ పైకి, కంప్యూటర్ కాంబినేషన్ కిందికి. ‘అన్నా, నాకు కెమిస్ట్రీ అంటే భయం’ అంది. ‘భయం ఉంటే ఉండనీ, ల్యాబ్‌కి మాత్రం రోజూ పో’ అన్నాను.

మొన్న ఓ ఫొటో పంపింది. ఫ్లాస్కులో లేత గులాబీ రంగు నీళ్లు. కింద ఒక లైను: ‘ఒక్క చుక్కకే కలర్ మారింది అన్నా. ఫస్ట్ టైమ్ కరెక్ట్‌గా వచ్చింది!’