బరువు తగ్గించే ఆపరేషన్ తరువాత: ముందు గుడ్డు, పప్పు; ఆఖరున అన్నం

అధిక బరువు తగ్గించడానికి చేసే ఆపరేషన్లు ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో తరచుగా జరుగుతున్నాయి. అక్కడ ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చినవారు డ్రెస్సింగుకు, షుగరు, బి.పి. పరీక్షలకు మా వద్దకు వస్తూ ఉంటారు. వారి ఇంటివారు మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న: "సిస్టరు గారూ, రెండు ముద్దలకే కడుపు నిండిపోతోంది అంటున్నారు. ఏం పెట్టమంటారు?" దీనికి వివరంగా జవాబు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

ఆపరేషన్‌లో ఏమి చేస్తారు?

స్లీవ్ అనే పద్ధతిలో జీర్ణాశయాన్ని నిలువుగా కోసి, సుమారు 75 నుండి 80 శాతం తీసివేస్తారు. మిగిలినది అరటికాయలా సన్నని గొట్టంగా ఉంటుంది. ఆకలి పుట్టించే హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసివేసిన ఆ భాగంలోనే. అందువలన చాలామందికి కొన్ని నెలలపాటు ఆకలి అంతగా తెలియదు.

బైపాస్ పద్ధతిలో జీర్ణాశయం పైభాగాన సుమారు 30 మి.లీ. పట్టే చిన్న సంచిని వేరుచేసి, దానిని చిన్నప్రేగులో దిగువ భాగానికి కలుపుతారు. తిన్నది మధ్యలో కొంత ప్రేగును తాకకుండానే దాటిపోతుంది. కాబట్టి తినేది తక్కువ, అందులో ఒంటికి పట్టేది ఇంకా తక్కువ.

కాటా చెప్పని సంగతి

ఆపరేషన్ తరువాత బరువు త్వరగా తగ్గుతుంది. చూసినవారందరూ "సన్నబడ్డావు, బాగున్నావు" అంటారు. అయితే తగ్గిన పది కిలోలలో కొవ్వు ఎంత, కండ ఎంత అనేది కాటా చెప్పదు. తినే ఆహారంలో మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు చాలకపోతే శరీరం తన కండలనే కరిగించి వాడుకుంటుంది. అప్పుడు బరువు తగ్గుతుంది గాని, మెట్లు ఎక్కే శక్తి కూడా దానితోపాటే పోతుంది. గాయం త్వరగా మానదు. జుట్టు రాలుతుంది. లోపం ఎక్కువైతే కాళ్ళకు నీరు వస్తుంది. పోవలసినది కొవ్వు, నిలవవలసినది కండ. కండను నిలబెట్టేవి మాంసకృత్తులు, వాటితోపాటు రోజూ నడక, డాక్టరు చెప్పిన వ్యాయామం.

ఎంత కావాలి?

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించింది. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాములు. బరువు తగ్గించే ఆపరేషన్ అయినవారికి రోజుకు కనీసం 60 గ్రాములు ఉండాలి. చాలామందికి డాక్టర్లు 60 నుండి 80 గ్రాములు చెబుతారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఈ లెక్కను సొంతంగా పాటించరాదు. వారికి ఎంత అనేది డాక్టరే నిర్ణయించాలి.

దేనిలో ఎంత?

ఈ అంకెలు సుమారుగా ఇస్తున్నాము:
- కోడిగుడ్డు ఒకటి: 6 గ్రాములు (తెల్లసొన మాత్రమే అయితే 3.5)
- పాలు 200 మి.లీ.: 6 గ్రాములు
- పెరుగు 100 గ్రాములు: 3 గ్రాములు
- వెన్న తీసిన పాలపొడి 15 గ్రాములు: 5 గ్రాములు
- ఎముక లేని వండిన కోడిమాంసం 50 గ్రాములు: 13 గ్రాములు
- వండిన చేప 50 గ్రాములు: 11 గ్రాములు
- పనీరు 50 గ్రాములు: 9 గ్రాములు
- కందిపప్పు లేదా పెసలు 30 గ్రాములు, వండక ముందు తూకం: 7 గ్రాములు
- మీల్ మేకర్ 20 గ్రాములు, నానబెట్టక ముందు తూకం: 10 గ్రాములు
- అన్నం 100 గ్రాములు: 2.5 గ్రాములు

మన భోజనంలో కంచం నిండా అన్నం, పక్కన కొంచెం కూర ఉంటుంది. జీర్ణాశయం చిన్నదైన మనిషి ముందుగా అన్నం తింటే నాలుగు ముద్దలకే చోటు అయిపోతుంది. కూరలోని ముక్క, గిన్నెలోని పప్పు మిగిలిపోతాయి. అందుకే వరుస మార్చాలి. ముందు గుడ్డు, మాంసం, చేప లేదా గట్టిపప్పు. తరువాత కూరగాయలు. ఇంకా చోటు ఉంటేనే రెండు చెంచాల అన్నం.

బలమని మనం ఇచ్చేవి

మనిషి నీరసంగా ఉంటే మన ఇళ్ళలో వెంటనే ఇచ్చేవి రాగిజావ, కొబ్బరినీళ్ళు, గ్లూకోజు, చారు, మేక కాళ్ళ సూపు. వీటిలో ప్రేమకు లోటు లేదు గాని మాంసకృత్తులకు లోటు ఉంది. 25 గ్రాముల రాగిపిండితో చేసిన గ్లాసుడు జావలో ఉండేది సుమారు 2 గ్రాములే. చారులో, పప్పు మీద తేరిన కట్టులో నామమాత్రం. కొబ్బరినీళ్ళలో, గ్లూకోజులో లేవనే చెప్పాలి. కాళ్ళ సూపులో జిగురు రూపంలో కొంత ఉంటుంది గాని, కండ తయారు కావడానికి అవసరమైన అంశాలన్నీ అందులో ఉండవు. కాబట్టి సూపు ఇస్తే ఇవ్వండి, మెత్తగా ఉడికిన మాంసానికి బదులుగా మాత్రం ఇవ్వవద్దు. జావ కాస్తే నీళ్ళకు బదులు పాలలో కాయండి. పాలలో కలిపే మాల్టు పొడులలో చక్కెర ఎక్కువ. బైపాస్ అయినవారు తీపి ఎక్కువ తీసుకుంటే గుండెదడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనాలు రావచ్చు.

ప్రోటీన్ పౌడరు డాక్టరు రాసిస్తే తప్పక వాడండి. ముఖ్యంగా మొదటి వారాలలో అది లేకుండా లెక్క పూర్తికావడం కష్టం. డబ్బా కొనేటప్పుడు ఒక కొలతకు ఎన్ని గ్రాముల ప్రోటీన్ ఉందో, చక్కెర ఎంత ఉందో లేబులు మీద చదవండి.

వారాలవారీగా

ఏ వారంలో ఏమి తినాలో ఆపరేషన్ చేసిన సర్జనుగారు రాసిచ్చిన కాగితమే మీకు ప్రమాణం. సాధారణంగా మొదటి రెండు వారాలు ద్రవాలే: వెన్న తీసిన పాలు, మజ్జిగ, వడగట్టిన పప్పు, ప్రోటీన్ పౌడరు. తరువాత రెండు వారాలు మెత్తగా రుబ్బినవి: గుడ్డు, పప్పు, పెరుగు, మెదిపిన చేప. ఆ తరువాత మెత్తగా ఉడికినవి. సుమారు ఆరు నుండి ఎనిమిది వారాలకు మామూలు ఆహారం కొద్దికొద్దిగా మొదలవుతుంది. 60 గ్రాములు మొదటి రోజే అందవు. క్రమంగా పెంచుకోవాలి.

తినే పద్ధతి

- ఆకలి కోసం ఎదురుచూడకండి. గడియారం చూసి రోజుకు ఐదారుసార్లు తినండి.
- చిన్న పళ్ళెం, చిన్న చెంచా వాడండి. ప్రతి ముద్దను 20 నుండి 30 సార్లు నమలండి.
- భోజనంతోపాటు నీళ్ళు తాగకండి. తిన్న అరగంట తరువాత కొద్దికొద్దిగా తాగండి.
- కడుపు నిండినట్లు అనిపించగానే ఆపండి. మరొక్క ముద్ద వాంతికి దారితీస్తుంది.
- ఏమి తిన్నారో ఒక నోటుబుక్కులో రాసి, చెకప్పుకు తీసుకురండి.

ఒక రోజు భోజనం

మామూలు ఆహారం మొదలైన తరువాత ఒక రోజు ఈ విధంగా ఉండవచ్చు. ఉదయం 7 గంటలకు 150 మి.లీ. పాలలో 15 గ్రాముల పాలపొడి: 10 గ్రాములు. 9 గంటలకు ఒక ఉడికించిన గుడ్డు, మరొక గుడ్డు తెల్లసొన, చోటుంటే చిన్న ఇడ్లీ: 9 గ్రాములు. 11 గంటలకు 100 గ్రాముల పెరుగులో 15 గ్రాముల పుట్నాలపప్పు పొడి: 6 గ్రాములు. ఒంటిగంటకు మెత్తగా వండిన కోడిమాంసం 50 గ్రాములు, రెండు చెంచాల గట్టిపప్పు, ఆఖరున కొంచెం అన్నం: 15 గ్రాములు. 4 గంటలకు 40 గ్రాముల పనీరు: 7 గ్రాములు. రాత్రి 7 గంటలకు చిన్న పెసరట్టు: 7 గ్రాములు. పడుకునే ముందు మళ్ళీ పాలపొడి కలిపిన పాలు: 10 గ్రాములు. మొత్తం 64.

మాంసం తినని వారు మధ్యాహ్నం మెత్తగా ఉడికించి తరిగిన మీల్ మేకర్, గట్టిపప్పు తీసుకోవచ్చు. గుడ్డు కూడా తినకపోతే దానికి బదులు పనీరు తినవచ్చు. పాలు పడక విరేచనాలు అయ్యేవారు పెరుగు, మజ్జిగ వాడి చూడండి.

ఎప్పుడు ఆసుపత్రికి రావాలి?

మూడవ నెల నుండి ఆరవ నెల వరకు జుట్టు కొంత రాలడం చాలామందిలో ఉంటుంది. బరువు వేగంగా తగ్గడమే దీనికి ముఖ్య కారణం. ఎక్కువమందికి తిరిగి వస్తుంది. ఆ తరువాత కూడా రాలుతూ ఉంటే మాంసకృత్తులు, ఇనుము తగ్గాయేమో పరీక్ష చేయించాలి.

కాళ్ళ వాపు, నానాటికి పెరిగే నీరసం, కుర్చీలో నుండి చేతులు ఊనకుండా లేవలేకపోవడం, మానని పుండు ఉంటే వెంటనే చూపించండి. వాంతులు రెండు మూడు రోజులు ఆగకపోయినా, ఒక పూటంతా నీళ్ళు కూడా నిలవకపోయినా ఆలస్యం చేయరాదు. వాంతులు ఎక్కువ రోజులు సాగితే బి1 విటమిను తగ్గి, నడక తడబడటం, చూపు రెండుగా కనిపించడం, మతి తికమక కావడం జరగవచ్చు. ఇది అత్యవసర పరిస్థితి. ఆపరేషన్ సంగతి డాక్టరుకు ముందుగానే చెప్పండి. విటమిను, ఇనుము, కాల్షియం మాత్రలు జీవితాంతం వాడవలసినవి. బాగానే ఉన్నామని మానవద్దు.

ఇంటివారికి ఒక మాట

ఉపవాస కూటములకు, శ్రమల దినాలకు ఉపవాసం ఉండే అలవాటు మన కుటుంబాలలో ఉంది. ఆపరేషన్ అయినవారు, ముఖ్యంగా మొదటి సంవత్సరంలో, డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదు. షుగరు మందులు వాడేవారికి ఇది మరింత ప్రమాదం. కూటమికి రండి, ప్రార్థనలో పాల్గొనండి, వేళకు మీ పాలు మీరు తాగండి. దానిని ఎవరూ తప్పుగా అనుకోనవసరం లేదు.

విందులలో వడ్డించేవారు "ఇంత తక్కువా?" అని బలవంతం చేయకండి. వారికి రెండు మెత్తని ముక్కలు, ఒక గుడ్డు ముందుగా వడ్డిస్తే అదే మర్యాద. ఇంట్లో వంట చేసే అమ్మలు, భార్యలు, కోడళ్ళు పప్పు నీళ్ళగా కాకుండా గట్టిగా వండి, రోగికి అడుగున ఉన్న పప్పు తీసిపెట్టండి. అందరికీ వండిన కూరలోనే మెత్తని ముక్కలు ముందుగా పక్కన పెడితే వేరే వంట కూడా అక్కరలేదు.

ఆపరేషన్ చేసిన డాక్టరు నగరంలో ఉంటారు. ప్రతిరోజూ కంచంలో ఏది ముందు పడుతుందో చూడవలసినది మాత్రం ఇంటివారే. ఏ సందేహం ఉన్నా, తిన్నది రాసిన నోటుబుక్కు తీసుకుని ఔట్ పేషెంట్ విభాగానికి రండి. మేము మీతో కూర్చుని లెక్క చూస్తాము.