లీ-ఎన్‌ఫీల్డు తుపాకికి తగిన అంగములు

మన కళాశాలలలో ఎన్‌.సి.సి. కవాతు చేసిన పాతతరమువారికి లీ-ఎన్‌ఫీల్డు తుపాకికి వాడుకలోనున్న ‘త్రీ నాట్ త్రీ’ యను పేరు క్రొత్త గాదు. అమెరికాలో స్థిరపడిన అట్టివారిలో కొందరు, ఆ పూర్వపరిచయముచేతనే కాబోలు, ఆయుధప్రదర్శనములలో పాత లీ-ఎన్‌ఫీల్డు కంటబడినంతనే దానిని కొని యథాపూర్వముగ నిలుపవలెనని ఉత్సహింతురు. కాని అచ్చట చౌకగ లభించునవి పెక్కు అంగహీనములు. రెండవ ప్రపంచయుద్ధానంతరము మిగులు సరకుగ అమెరికాకు వచ్చిన సైనిక తుపాకులను, 1968 నాటి చట్టము తపాలా విక్రయమును అరికట్టువరకు స్వల్పమూల్యమునకు తెప్పించుకొనిన వేటగాండ్రు, బరువు తగ్గించుటకై ఫోరెండు అనబడు ముందుకొయ్యను రంపముతో కోసి, గొట్టముపై కప్పులను, మూతికి తొడిగిన నోస్‌క్యాపును పారవైచిరి. గొట్టమును సైతము కురుచచేసిన తుపాకిపై ధనము వెచ్చించుట వ్యర్థమని నా అభిప్రాయము. 25 అంగుళములకు పైబడిన మూలపు పొడవు నిలిచియున్నచో ఆశ కలదు.

తగిన భాగములను వెదకుటకు ముందు, భుజమున కానుకొను మడమ (బట్) బిగియు సాకెట్టునకు కుడివైపున చెక్కిన కిరీటమును, కర్మాగారపు పేరును, సంవత్సరమును, మార్కును చదువుకొనవలెను. 1907 నాటి మార్కు 3 తుపాకికి దూరపు గురికై ప్రక్కన వేరొక సాధనముండెడిది. యుద్ధపు తొందరలో 1916 నాటికి దానిని విసర్జించి, మార్కు 3 నక్షత్రమని పేరిడిరి. ఆ సాధనమునకై తొలిచిన ఫోరెండు మార్కు 3 నకు అలంకారము, మార్కు 3 నక్షత్రమునకు అసంగతము. వేరొక నమూనాయైన నంబరు 4 తుపాకి కొయ్య యైతే ఈ రెంటికిని పట్టనే పట్టదు.

అసలు కష్టమంతయు కొయ్యలోనే యున్నది. కాల్పువేళ వెనుకకు తన్ను తాకిడినంతటిని ఫోరెండులో, బోల్టు ఇమిడియుండు ఇనుపభాగమైన రిసీవరున కానియుండు రెండు చిన్న తలములు భరించును. గోదాములలో ఏండ్ల తరబడి ఎండి కృశించిన కొయ్యలో, ఆ తలములకును ఇనుమునకును నడుమ వెండ్రుకవాసి ఎడమేర్పడినను చీలిక తప్పదు. పాతకొయ్య కొనువాడు ముందుగ పరీక్షింపవలసిన చోటు ఇదియే. అరిగినచో గట్టికొయ్య తునకలు అతికి, ఇనుమునకు మసి పూసి, అంటిన గుర్తులను చూచుకొనుచు కొంచెము కొంచెముగ ఆకురాయితో సరిచేయవలెను. మరియొకటి: మడమను బిగించు పొడవైన మరచీల యొక్క చతురస్రపు కొన ఫోరెండు వెనుకనున్న పలకలో ఇమిడియుండును గనుక, ఫోరెండును ముందుగ విప్పక మరచీలను త్రిప్పినవాని చేతిలో, ఏండ్లు వెదకి తెచ్చిన కొయ్య క్షణములో పగులును. మడమలలోను పొడుగు, సామాన్యము, పొట్టి యను భేదములు కలవు. కాల్చువాని భుజమును బట్టి ఏరుకొనవచ్చును.

కలకత్తాకు ఉత్తరమున హుగ్లీతీరమునందలి ఇచ్ఛాపురపు కర్మాగారపు తుపాకులలో ఫోరెండునకు అడ్డముగ బిగించిన మరచీల కానవచ్చును. దానిని దోషమని తలచి పూడ్చువారు చరిత్రను పూడ్చువారే.

చట్టవిషయమున ఒక్కమాట: అమెరికాలో 1898 తరువాత చేసినది పురాతనమని ఎన్నబడదు; కనుక విదేశమునుండి భాగములను తెప్పించుకొనుటకు ముందు దిగుమతి నియమములను తెలిసికొనవలెను. భారతదేశమున .303 నిషిద్ధపు బోరు గనుక, స్వస్థలమునకు కొనిపోవు తలంపే వలదు.

బోల్టుపై అంకెయు రిసీవరుపై అంకెయు కలియనిచో, ఆ బోల్టు తూటా ఎడమును (హెడ్‌స్పేసు) కొలుచు 0.064 అంగుళముల సాధనముపై మూసికొనుచు, 0.074 పై మూసికొనకుండుట నిపుణునిచే చూపించుకొననిదే కాల్చరాదు. ధరకై పాత అంకెను అరగదీసి క్రొత్తది కొట్టించువారును కలరు. అట్టి తుపాకిని, ఎంత మెరిసినను, నేను కొనను.