నీటి పెంకుపురుగులలో భేదములు

కొల్లేటి చుట్టుపట్ల చేపపిల్లలను పెంచు సభ్యులు మమ్ము తఱచుగా నడుగు ప్రశ్న యొక్కటి కలదు: “అయ్యా, నీళ్లలోని నల్లపురుగు లన్నియు పిల్లలను తినునవియేనా?” అన్నియు నొక్కటి కావు.

చెఱువులోని పెద్ద పెంకుపురుగులను గాజుసీసాలో వదలి చూడవలెను. గాలికొఱకు పైకి వచ్చి తోక పైకెత్తునది డైటిసిడే కుటుంబపు వేటపురుగు. ఇది వెనుకకాళ్లు రెండును నొక్కమాఱే తన్ని యీదును. తల పైకెత్తునది హైడ్రోఫిలిడే కుటుంబపుది. కాళ్లను ఒకదాని తరువాత నొకటిగా నాడించును. ఈ రెండవది పెరిగిన పిదప నెక్కువగా క్రుళ్లిన యాకుతో బ్రదుకును గాని, దాని పిల్లపురుగు వేటాడునదే. వేటపురుగు పిల్ల మఱియు క్రూరము. కొడవలివంటి దవడలతో చేపపిల్లను పట్టి, రసమెక్కించి, కరగిన మాంసమును పీల్చివేయును.

వీనికి పైగాలి లేనిదే బ్రదుకు లేదు. సబ్బునూనె మందు పనిచేయుట యిందువలననే. ఎకరమునకు సుమారు 22 కిలోల నూనె, 7 కిలోల సబ్బు చొప్పున నీటిలో కలిపి, పిల్లలను వదలుటకు 12 మొదలు 24 గంటల ముందు చల్లినచో, పైన పొర యేర్పడి పురుగు లూపిరాడక చచ్చును. గాలి వీచు దినమున చల్లరాదు. పొర యొక గట్టునకు కొట్టుకొనిపోయి డబ్బు నీళ్లపాలగును.

మూడవ జాతి యొకటి కలదు. అది ఎల్మిడే కుటుంబము. మూడు మిల్లీమీటర్ల పురుగు, ఈదలేదు, గోళ్లతో రాతిని పట్టుకొని ప్రాకును. దాని యొడలి క్రింది దట్టమైన నూగులో పలుచని గాలిపొర నిలుచును. నీటిలోని ప్రాణవాయువే యా పొరలోనికి వచ్చుచుండుటచే అది పైకి రాదు. కనుక రాళ్లమీద పరుగెత్తు స్వచ్ఛమైన నీరే దానికి కావలెను. నిలువనీటి కొల్లేటిలో వెదకుట వ్యర్థము. సబ్బు తగిలినచో నూగు తడిసి గాలిపొర చెదరును. మందు కలిపిన డబ్బాలను వాగులో కడుగరాదని మేము చెప్పుట కిదియు నొక కారణము.

ఇట్టి పురుగులను కనుగొనుట పండితులకే చెల్లునని తలపవలదు. బోర్నియో ద్వీపమున శాస్త్రజ్ఞుల వెంట వెళ్లిన సామాన్యులు ఈ కుటుంబమున కనుగొన్న మూడు క్రొత్త జాతులను 2018లో ప్రకటించిరి. ఒకదానికి సినిమా నటుడగు లియొనార్డో డికాప్రియో పేరు పెట్టిరి! పైకి ఒక్కతీరున నుండు జాతులను మగపురుగు జననాంగముల యాకారమునుబట్టి సూక్ష్మదర్శినిలో విడదీయుదురు. మన తీరమునకును ఈ విద్య క్రొత్త కాదు. లినేయసు శిష్యుడగు కోనిగ్ 1768లో తరంగంబాడి మిషను వైద్యుడుగా వచ్చి, మన పురుగులను యూరపునకు పంపగా ఫేబ్రిషియసు వానిలో పెక్కింటికి పేర్లు పెట్టెను. కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురమున చనిపోయెను.

పాపికొండల వాగులవైపు పోవు సభ్యులు నీటిలోని రాతి నెత్తి, క్రిందిభాగమును తెల్లని పళ్లెములో కడిగి చూతురుగాక. మిరియపుగింజకంటె చిన్నదై, ఈదక ప్రాకు నల్లపురుగు కనబడినచో స్పిరిటులో వేసి, వాగు పేరును తేదిని పెన్సిలుతో వ్రాసిన చీటిని ఆ సీసాలోనే యుంచవలెను. చీటి లేని పురుగు శాస్త్రమునకు పనికిరాదు.