డీఐపీజీ

పిల్లల మెదడు కాండంలో, ‘పాన్స్’ దగ్గర పుట్టే క్యాన్సర్ ఇది. ఎక్కువగా 5 నుంచి 10 ఏళ్లలోపు వాళ్లకు వస్తుంది. నిన్నటిదాకా ఇల్లంతా పరుగులు తీసిన బిడ్డకు ఉన్నట్టుండి మెల్లకన్ను పడుతుంది, నడక తూలుతుంది, అన్నం ముద్ద గొంతు దిగదు. గడ్డ మంచి కణాల్లోకి అల్లుకుపోతుంది కాబట్టి కోసి తీయలేరు. రేడియేషన్‌తో కొన్ని నెలల ఊరట. చాలామంది పిల్లలు ఏడాది దాటరు.

నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కూతురు కరెన్‌ను మెదడు కాండంలోని గడ్డే బలి తీసుకుంది, 1962 జనవరిలో. పాపకు రెండేళ్లే. ఏడేళ్లకు తండ్రి చంద్రుడి మీద దిగాడు. ఈ జబ్బుకు ప్రధాన చికిత్స మాత్రం ఇప్పటికీ రేడియేషనే. ఇంత జాప్యం బాధాకరం. హెచ్3 కే27ఎం జన్యుమార్పు ఉన్న ఇదే కోవ గడ్డలు ముదిరినప్పుడు వాడేందుకు 2025 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ డోర్డావిప్రోన్ మందును అనుమతించింది. అది పనిచేసేది కొందరికే. బిడ్డకు నొప్పి, వాంతులు తగ్గించే పాలియేటివ్ వైద్యాన్ని తల్లిదండ్రులు మొదటి రోజు నుంచే అడగవచ్చు.